ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు ఏ కౌంటీ వాళ్లు? మ్యాప్ గీసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉంటున్న తెలుగువాళ్లకి అమెరికన్ ఫుట్‌బాల్ మోజు ఎలాంటిదో కొత్తగా చెప్పక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం హైస్కూల్ మ్యాచ్ ఉందంటే స్టేడియం దగ్గర పార్కింగ్ దొరకదు. ఆడేది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. చూడ్డానికి వచ్చేది ఊరు ఊరంతా. ఆ పిల్లల్లో ఏ కొద్దిమందో కాలేజీ జట్లకి, అక్కణ్నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌కి, చేరతారు. అలా చేరినవాళ్లు ఏ మూల నుంచి వచ్చారో మ్యాప్ మీద చూడాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

రాష్ట్రాలవారీ మ్యాప్ పెద్ద పనేం కాదు. ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియా ముదురు రంగులో వస్తాయి. అది చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. కౌంటీ దాకా దిగితేనే అసలు సంగతులు బయటపడతాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోవచ్చు గానీ, పరిమాణంలో పొంతన ఉండదు. 2020 జనాభా లెక్కల్లో లాస్ ఏంజెలస్ కౌంటీలో కోటి మంది ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో ఉన్నది 64 మంది. ఈ తేడా ఈ పనిలో అడుగడుగునా అడ్డం పడుతుంది.

ముందే ఒక మాట. మ్యాప్ గీయడం ఇందులో చిన్న పని. శ్రమంతా దానికి ముందు "ఈ అబ్బాయిది ఏ కౌంటీ?" అని తేల్చడంలోనూ, ఆ తర్వాత లెక్కని జనాభాతో సరిచూడడంలోనూ ఉంటుంది. ఈ రెండూ వదిలేసి గీసిన మ్యాపులు ఇంటర్నెట్‌లో చాలానే ఉన్నాయి. వాటిలో కనిపించేది ఫుట్‌బాల్ కాదు, అమెరికాలో జనం ఎక్కడ ఎక్కువున్నారన్నది.

కావలసినవి

ఒక స్ప్రెడ్‌షీట్ (గూగుల్ షీట్స్ అయినా, ఎక్సెల్ అయినా), క్యూజిస్ అనే ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్, అమెరికా సెన్సస్ బ్యూరో ఉచితంగా ఇచ్చే కౌంటీ సరిహద్దుల ఫైలు, జనాభా పట్టిక. ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్వాలేదు. పైథాన్ వచ్చినవాళ్లు జియోపాండాస్‌తో ఇదే పని చేసుకోవచ్చు, వరుస మాత్రం మారదు. ఇన్‌స్టాలేషన్ కూడా వద్దనుకుంటే, చివరి మ్యాప్ వరకు డేటారాపర్ సైట్‌లో అమెరికా కౌంటీల మ్యాప్ సిద్ధంగా దొరుకుతుంది.

1. ఎవరిని లెక్కలోకి తీసుకుంటారో ముందు రాసిపెట్టుకోండి

లీగ్‌లో 32 జట్లు. ఒక్కో జట్టు అసలు రోస్టర్‌లో (ఆటగాళ్ల జాబితాలో) 53 మంది. అంటే 1,696 మంది. ఇది కాక ప్రాక్టీస్ స్క్వాడ్ వేరే ఉంటుంది. గాయాలతో పక్కన పెట్టినవాళ్ల జాబితా ఇంకొకటి. సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్‌లోనైనా దిగినవాళ్లందరినీ తీసుకుంటే సంఖ్య ఇంకా పెరుగుతుంది.

నా సలహా: సీజన్ మొదటి వారం రోస్టర్‌ని పట్టుకోండి. ఆగస్టు చివర్లో జట్లు మనుషుల్ని తగ్గించుకుని 53కి దిగుతాయి కాబట్టి అప్పటికి జాబితా ఒక కొలిక్కి వస్తుంది. తేదీ వేసి ఆ జాబితాని కాపీ చేసి దాచుకోండి. రోజూ ఎవరో ఒకరు జట్టు మారుతూనే ఉంటారు. మీరు పని ముగించేలోపు మూలమే మారిపోతే మొదటి ఆటగాడి లెక్క ఒక తేదీది, చివరి ఆటగాడిది ఇంకో తేదీది అవుతుంది.

ఇక్కడే ఒక లెక్క చూసుకోండి. 2020 సరిహద్దుల ప్రకారం అమెరికాలో కౌంటీలు, వాటికి సమానమైనవి కలిపి 3,143. ఆటగాళ్లు 1,696. తలా ఒకరిని పంచినా 1,447 కౌంటీలు ఖాళీగా మిగలక తప్పదు. నిజానికి ఆటగాళ్లు కొన్నిచోట్లే గుంపుగా ఉంటారు కాబట్టి ఖాళీలు ఇంకా చాలా ఎక్కువ. మ్యాప్‌లో సగానికి పైగా తెల్లగా కనిపిస్తే ఏదో తేడా జరిగిందని కంగారు పడకండి.

2. సొంతూరంటే పుట్టిన ఊరా, పెరిగిన ఊరా?

మొత్తం పనిలో ముఖ్యమైన నిర్ణయం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఆటగాళ్ల వివరాలిచ్చే సైట్లన్నిటిలో సులువుగా దొరికేది పుట్టిన ఊరు. దాన్నే తీసుకుంటే పని తొందరగా అయిపోతుంది, తప్పుగానూ అయిపోతుంది. మన ఇళ్లలో తొలికాన్పు పుట్టింట్లో జరిగితే బిడ్డ సర్టిఫికెట్‌లో అమ్మమ్మగారి ఊరు పడుతుంది గానీ ఆ బిడ్డని ఎవరూ ఆ ఊరివాడనరు. అమెరికాలో కారణాలు వేరు. పెద్ద ఆసుపత్రి పక్క కౌంటీలో ఉంటుంది, నాన్న ఉద్యోగం మారుతుంది, సైన్యంలో ఉంటే దేశమే మారుతుంది. ఫలితం మాత్రం అదే.

సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించి బంతి విసిరే ఆటగాడు) జో బరోని చూడండి. పుట్టింది అయోవాలోని ఏమ్స్‌లో, అది స్టోరీ కౌంటీ. పెరిగింది, హైస్కూల్ ఆడింది ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ కౌంటీలో. 2019లో కాలేజీ ఫుట్‌బాల్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకుంటూ అతను తన ప్రాంతపు పేదరికం గురించి, తిండికి కటకటలాడే పిల్లల గురించి మాట్లాడింది కూడా ఏథెన్స్ కౌంటీని ఉద్దేశించే. ఆ మాటలు విని జనం అక్కడి ఆహార నిధికి లక్షల డాలర్ల విరాళాలిచ్చారు. పుట్టిన ఊరి మ్యాప్‌లో ఆ కౌంటీకి సున్నా పడుతుంది.

లామార్ జాక్సన్ పుట్టింది ఫ్లోరిడాలోని పాంపనో బీచ్‌లో, అది బ్రోవార్డ్ కౌంటీ. చదివింది బాయింటన్ బీచ్ హైస్కూల్, అది పక్కనున్న పామ్ బీచ్ కౌంటీ. బ్రైస్ యంగ్ అయితే ఇంకా చిక్కు. పుట్టింది ఫిలడెల్ఫియా, పెరిగింది లాస్ ఏంజెలస్ కౌంటీలోని పసడీనా, హైస్కూల్ ముగించింది ఆరెంజ్ కౌంటీ శాంటా ఆనాలోని మేటర్ డే అనే ప్రైవేటు స్కూల్లో. ఒకే మనిషి, మూడు కౌంటీలు. మూడూ నిజమే.

నేనైతే హైస్కూల్ ఉన్న కౌంటీనే ప్రమాణంగా పెట్టుకోమంటాను. ఎందుకంటే ఆటగాడు తయారయ్యేది అక్కడే. కోచ్, మైదానం, కాలేజీల కళ్లలో పడే అవకాశం, అన్నీ హైస్కూల్‌తో ముడిపడినవి. ఇంకో లాభం కూడా ఉంది: స్కూల్‌కి కచ్చితమైన చిరునామా ఉంటుంది, ఊరికి ఉండదు. అట్లాంటా నగరం ఫుల్టన్, డికాల్బ్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. కాన్సస్ సిటీ నాలుగింటిలో ఉంది. న్యూయార్క్ అయితే అయిదు కౌంటీలు. "అట్లాంటాలో పుట్టాడు" అని రాసుంటే ఏ కౌంటీలో వేస్తారు? స్కూల్ అయితే ఆ బాధ లేదు.

అలాగని హైస్కూల్ పద్ధతికి లోపాలు లేకపోలేదు. ఫ్లోరిడాలో బ్రాడెంటన్‌లో ఐఎంజీ అకాడమీ ఉంది. దేశం నలుమూలల నుంచి మంచి ఆటగాళ్లు చివరి ఏడాదో రెండేళ్లో అక్కడ హాస్టల్లో ఉండి ఆడతారు. జె.జె. మెకార్తీ షికాగో దగ్గర లా గ్రేంజ్ పార్క్ కుర్రాడు. అక్కడి స్కూల్లో ఆడి, చివరి ఏడాది ఐఎంజీకి వెళ్లాడు. గుడ్డిగా చివరి స్కూల్ తీసుకుంటే అతను ఫ్లోరిడాలోని మనాటీ కౌంటీ లెక్కలో పడతాడు. ఇలాంటివి పోగైతే మనాటీ ఏదో ఫుట్‌బాల్ గని లాగా కనిపిస్తుంది.

అందుకే నియమం ఇలా పెట్టుకోండి: హాస్టల్ అకాడమీ అయితే దానికి ముందు చదివిన స్కూల్. బ్రైస్ యంగ్ లాంటి కేసుల్లో, అంటే రోజూ ఇంటినుంచి వెళ్లొచ్చే ప్రైవేటు స్కూల్ అయితే, చివరి స్కూలే. ఈ రెండో సగంతో వాదించేవాళ్లుంటారు, వాదించవచ్చు. కానీ నియమం ఒకసారి రాసుకున్నాక 1,696 మందికీ అదే వర్తించాలి. మీకు నచ్చిన ఆటగాడి దగ్గరికొచ్చేసరికి సడలించకూడదు.

పుట్టిన ఊరి కాలమ్‌ని మాత్రం పారేయకండి. రెండు కాలమ్‌లూ ఉంచితే ఎంతమంది విషయంలో తేడా వస్తోందో చూపించొచ్చు, అదే ఒక మంచి మ్యాప్ అవుతుంది.

3. పట్టిక తయారీ

ఒక వరుసకి ఒక ఆటగాడు. కాలమ్‌లు ఇవి చాలు: ఆటగాడి గుర్తింపు కోడ్, పేరు, జట్టు, పుట్టిన ఊరు, పుట్టిన రాష్ట్రం, హైస్కూల్ పేరు, స్కూల్ ఊరు, స్కూల్ రాష్ట్రం, స్కూల్ కోడ్, కౌంటీ కోడ్, సమాచారం ఎక్కడిది, వ్యాఖ్య.

గుర్తింపు కోడ్ తప్పనిసరి. పేరుతో పట్టికలు కలిపితే దెబ్బతింటారు. బఫలో క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్ ఉన్నట్టే, 2024లో పేరు జోష్ హైన్స్-ఆలెన్‌గా మార్చుకునేదాకా ఆ పేరుతోనే ఇంకో డిఫెన్స్ ఆటగాడూ ఉండేవాడు. ఇద్దరూ వేర్వేరు కౌంటీలవాళ్లు. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైట్ ప్రతి ఆటగాడికీ ఒక కోడ్ ఇస్తుంది. దాన్నే వాడుకోండి.

"వ్యాఖ్య" కాలమ్‌ని చిన్నచూపు చూడకండి. "అకాడమీకి ముందు స్కూల్ తీసుకున్నాను", "స్కూల్ మూతపడింది" లాంటివి అక్కడ రాయకపోతే నెల తిరిగేసరికి మీకే గుర్తుండదు.

4. సమాచారం ఎక్కడ దొరుకుతుంది

రోస్టర్‌లు జట్ల సొంత వెబ్‌సైట్లలో ఉంటాయి. పుట్టిన ఊరు, హైస్కూల్ ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్‌లో ఆటగాడి పేజీలో ఉంటాయి. ఆ సైట్‌లో పట్టికల్ని సీఎస్‌వీగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే సాదా టెక్స్ట్ ఫైలుగా) తీసుకునే వీలుంది. ప్రోగ్రామ్ రాసి పేజీలన్నీ గబగబా లాగేద్దామని చూడకండి. నిమిషానికి ఇన్ని పేజీలని పరిమితి పెట్టారు, దాటితే కొంతసేపు తలుపు మూసేస్తారు. సైట్ నియమాలు చదివి, నెమ్మదిగా తీసుకోవడమే మర్యాద.

వికీపీడియాకి తోడుగా ఉండే ఉచిత డేటా భాండారం వికీడేటాలో పుట్టిన చోటు అనే లక్షణం పీ19 నంబరుతో ఉంటుంది. కౌంటీలకి పీ882 అనే లక్షణం కింద ప్రభుత్వ కోడ్ కూడా రాసి ఉంటుంది. రెండూ కలిపి ప్రశ్న రాస్తే పుట్టిన ఊరి మ్యాప్‌కి కావలసినదంతా ఒక్క దెబ్బకి వస్తుంది. హైస్కూల్ వివరాలకి మాత్రం దాన్ని నమ్ముకోలేం, అక్కడ ఖాళీలు ఎక్కువ.

ఏ సమాచారం లేనివాళ్లు కొందరు మిగులుతారు. వాళ్ల కాలేజీ జట్టు వెబ్‌సైట్‌లో పాత రోస్టర్ పేజీ చూడండి. కాలేజీలు ఊరు, హైస్కూల్ రెండూ పక్కపక్కనే రాసే అలవాటు ఉంది. నూటికి తొంభై సార్లు అక్కడ దొరుకుతుంది.

5. స్కూల్ నుంచి కౌంటీకి

అమెరికా విద్యాశాఖ కింద నేషనల్ సెంటర్ ఫర్ ఎడ్యుకేషన్ స్టాటిస్టిక్స్ అనే సంస్థ ఉంది. దేశంలోని ప్రభుత్వ స్కూళ్ల జాబితా ఏటా, ప్రైవేటు స్కూళ్ల జాబితా రెండేళ్లకోసారి ఇస్తుంది. ప్రతి స్కూల్‌కీ కోడ్, చిరునామా, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఈ రెండు జాబితాలూ దించుకుని మీ పట్టికలోని స్కూల్ పేరు, ఊరు, రాష్ట్రం మూడింటితోనూ జత చేయండి. పేరు ఒక్కదాంతో జత చేస్తే పని చెడుతుంది. "సెంట్రల్", "వాషింగ్టన్", "జెఫర్సన్" పేర్లతో స్కూళ్లు దేశమంతా ఉన్నాయి.

స్ప్రెడ్‌షీట్‌లో ఎక్స్‌లుకప్ అనే ఫార్ములాతో సగానికి పైగా వాటంతటవే కలుస్తాయి. మిగతావి పేరు రాసే తీరులో తేడాలు: "సెయింట్"ని పొట్టిగా రాయడం, "సీనియర్ హైస్కూల్" అని పొడిగించడం. అవి చేత్తోనే చేయాలి. విసుగు పుట్టే పని, ఒప్పుకుంటాను. ఒక్కో రాష్ట్రాన్ని ఒక్కో సాయంత్రం పెట్టుకుంటే తెమిలిపోతుంది.

జాబితాలో కౌంటీ కోడ్ రాసే ఉంటుంది కదా, నేరుగా వాడుకుంటే పోలేదా అని అడగొచ్చు. వాడుకోవచ్చు, కానీ నేను అక్షాంశ రేఖాంశాలతో మళ్లీ తేల్చుకోమంటాను. కారణం తర్వాతి అంచెలో చెబుతాను. క్యూజిస్‌లో స్కూళ్ల ఫైలుని బిందువులుగా తెరిచి, "జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్" అనే సాధనంతో కౌంటీ పొర మీద కలపండి. ఏ బిందువు ఏ కౌంటీలో పడిందో దాని కోడ్ పక్కన చేరుతుంది. దీనికి సెన్సస్ బ్యూరో ఇచ్చే 1:5,00,000 స్కేలు ఫైలు వాడాలి. 1:2,00,00,000 స్కేలు ఫైలు చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ అందులో సరిహద్దు వంపుల్ని బాగా కత్తిరించేశారు. హద్దు మీదున్న స్కూల్ పక్క కౌంటీలోకి దూకేస్తుంది. ఆ తేలిక ఫైలుని చివర మ్యాప్ గీసేటప్పుడు వాడుకుందాం.

ఇక కౌంటీ కోడ్ గురించి. దీన్ని ఫిప్స్ కోడ్ అంటారు. అయిదంకెలు: మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి మూడూ కౌంటీ. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ 48201, షికాగో ఉన్న కుక్ కౌంటీ 17031, లాస్ ఏంజెలస్ 06037. ఆ చివరిదాంట్లో ముందున్న సున్నా చూశారుగా? ఎక్సెల్ ఫైలు తెరవగానే దాన్ని సంఖ్య అనుకుని 6037 చేసేస్తుంది. అలబామా, అలాస్కా, అరిజోనా, ఆర్కెన్సా, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్, ఈ ఏడు రాష్ట్రాల కోడ్‌లూ సున్నాతోనే మొదలవుతాయి. మ్యాప్‌లో కాలిఫోర్నియా మొత్తం ఖాళీగా కనిపించిందంటే జబ్బు ఇదే, వేరే ఏదీ వెతకక్కర్లేదు. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టుకోండి. క్యూజిస్‌లో సీఎస్‌వీ తెరిచేటప్పుడు కూడా ఫీల్డ్ రకాల్ని దానంతట అదే గుర్తించే ఆప్షన్ తీసేయండి.

పేర్లతో కాకుండా కోడ్‌తోనే ఎందుకు కలపాలంటే, వాషింగ్టన్ కౌంటీ అనే పేరు దాదాపు 30 రాష్ట్రాల్లో ఉంది. ఆరెంజ్ కౌంటీ కాలిఫోర్నియాలోనూ ఉంది, ఫ్లోరిడాలోనూ ఉంది. రెండుచోట్లా ఫుట్‌బాల్ జోరే.

6. తలనొప్పి పెట్టే చోట్లు

వర్జీనియాలో 38 నగరాలు ఏ కౌంటీలోనూ ఉండవు. వాటంతట అవే కౌంటీతో సమానం. మైకల్ విక్ ఆడిన న్యూపోర్ట్ న్యూస్ అలాంటిదే. చిక్కేమిటంటే పోస్టల్ చిరునామా మోసం చేస్తుంది. లారెన్స్ టేలర్ చదివిన లాఫయెట్ హైస్కూల్ చిరునామాలో విలియమ్స్‌బర్గ్ అనే ఉంటుంది. విలియమ్స్‌బర్గ్ స్వతంత్ర నగరం. స్కూల్ ఉన్నది మాత్రం దాన్ని ఆనుకున్న జేమ్స్ సిటీ కౌంటీలో. అక్షాంశ రేఖాంశాలతో చూడమన్నది ఇందుకే.

మేరీలాండ్‌లో బాల్టిమోర్ నగరం (24510) వేరు, బాల్టిమోర్ కౌంటీ (24005) వేరు. మిజోరీలో సెయింట్ లూయిస్ నగరం (29510) వేరు, సెయింట్ లూయిస్ కౌంటీ (29189) వేరు. ఎజెకీల్ ఎలియట్‌ని అందరూ సెయింట్ లూయిస్ కుర్రాడనే అంటారు. అతను చదివిన జాన్ బరోస్ స్కూల్ ఉన్నది లడ్యూలో, అంటే కౌంటీలో, నగరంలో కాదు. పుట్టిందైతే నది అవతల ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో.

లూసియానాలో కౌంటీ అనరు, పారిష్ అంటారు, 64 ఉన్నాయి. అలాస్కాలో బరోలు, సెన్సస్ ఏరియాలు. హవాయిలో ఒవాహు దీవి మొత్తం హొనలులు కౌంటీయే, కాబట్టి ఎవా బీచ్ కుర్రాడు టూవా టంగోవైలోవా, హొనలులు నగరం కుర్రాడు ఇద్దరూ ఒక్కచోటే పడతారు. కోడ్‌లు మాత్రం అన్నిటికీ ఒకే పద్ధతి, అంతవరకు నయం.

సరిహద్దులు, కోడ్‌లు మారుతుంటాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత లెక్కల్ని కొత్త మ్యాప్‌కి అతికించబోయినవాళ్లకి ఈ బాధ తెలుసు. అమెరికాలో ఇంత పెద్ద ఎత్తున జరగదు గానీ, 2022 నుంచి సెన్సస్ బ్యూరో కనెక్టికట్‌లో పాత 8 కౌంటీల బదులు 9 ప్లానింగ్ రీజియన్లని వాడుతోంది. కోడ్‌లు పూర్తిగా వేరు. సౌత్ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా అయి 46113 నుంచి 46102కి మారింది. 1997లో డేడ్ కౌంటీ మయామీ-డేడ్ అయినప్పుడు 12025 పోయి 12086 వచ్చింది.

పరిష్కారం సులువే: సరిహద్దుల ఫైలు, జనాభా పట్టిక రెండూ ఒకే ఏడాదివి ఉండాలి. నేను 2020 జనాభా లెక్కలు, 2020 సరిహద్దులే వాడమంటాను. స్కూల్ జాబితా ఏ ఏడాదిదైనా, బిందువుని ఆ సరిహద్దుల మీద వేస్తే సరైన కోడ్ వస్తుంది.

విదేశాల్లో పెరిగినవాళ్లు కొందరుంటారు. ఫిలడెల్ఫియా లైన్‌మన్ జోర్డన్ మైలాటా సిడ్నీలో పుట్టి అక్కడే రగ్బీ ఆడాడు, అమెరికాలో హైస్కూలే లేదు. ఇలాంటివాళ్లకి "విదేశం" అని విడిగా గుర్తు పెట్టండి. ఖాళీగా వదిలేస్తే సమాచారం దొరకనివాళ్లతో కలిసిపోతారు.

రిటైరైనవాళ్లని కూడా కలిపి చరిత్ర మ్యాప్ గీసేవాళ్లకి మూతపడిన స్కూళ్లు అదనపు పని. జెర్రీ రైస్ చదివిన బి.ఎల్. మూర్ హైస్కూల్ ఆ పేరుతో ఇప్పటి జాబితాల్లో దొరకదు, అది మిసిసిపీలోని ఆక్టిబెహా కౌంటీలో ఉండేది.

7. లెక్క సరిచూడడం

కౌంటీలవారీ మొత్తం, విదేశాలవాళ్లు, తేలనివాళ్లు, మూడూ కలిపితే 1,696 రావాలి. రాకపోతే ముందుకి వెళ్లకండి.

తర్వాత ఏదో ఒక యాభై వరుసలు యాదృచ్ఛికంగా తీసి మొదటి నుంచి చేత్తో సరిచూడండి. అందులో మూడో నాలుగో తప్పులుంటే మొత్తంలో వందకి పైగా ఉన్నట్టే లెక్క. చివరగా పైనున్న పదిహేను కౌంటీల పేర్లు చూడండి. లాస్ ఏంజెలస్, మయామీ-డేడ్, బ్రోవార్డ్, హారిస్ అక్కడ లేకపోతే ఎక్కడో కోడ్ తెగిందన్నమాట.

8. జనాభాతో భాగించడం, భాగించాక వచ్చే కొత్త చిక్కు

మొత్తం సంఖ్యతో గీస్తే పెద్ద నగరాలే వెలుగుతాయి. కాబట్టి పది లక్షల జనాభాకి ఎంతమంది అని చూడాలి. దేశం మొత్తానికి ఈ రేటు సుమారు 5.1 (33.14 కోట్ల మందికి 1,696).

ఇప్పుడు 5,000 మంది ఉన్న ఒక చిన్న కౌంటీ అనుకోండి. అక్కణ్నుంచి ఒక్క కుర్రాడు లీగ్‌లో ఉన్నాడు. పది లక్షలకి 200 అవుతుంది, దేశం సగటుకి నలభై రెట్లు! పది లక్షల జనాభా ఉండి 20 మందిని పంపిన కౌంటీ రేటు 20 మాత్రమే. మ్యాప్‌లో ఆ చిన్న కౌంటీ నిప్పులా మండిపోతుంది, అసలైన ఫుట్‌బాల్ కౌంటీ వెనకబడుతుంది. ఆ కుర్రాడికి మోకాలు దెబ్బ తగిలి జట్టులోంచి పోతే వచ్చే ఏడాది ఆ కౌంటీ సున్నా.

దీనికి సాయపడే చిట్కా: ప్రతి కౌంటీకీ దేశం సగటు రేటుతో 5 లక్షల ఊహాజనిత జనాభాని కలపండి. ఆ జనాభాకి సగటున 2.56 మంది ఆటగాళ్లు వస్తారు. అప్పుడు చిన్న కౌంటీ లెక్క 3.56ని 5,05,000తో భాగించడం, అంటే పది లక్షలకి సుమారు 7. పెద్ద కౌంటీది 22.56ని 15,00,000తో భాగించడం, అంటే సుమారు 15. వరుస సరైంది. గణాంక శాస్త్రంలో దీనికి పెద్ద పేర్లున్నాయి గానీ పని ఇంతే. 5 లక్షలే ఎందుకంటే శాస్త్రమేమీ లేదు. 2 లక్షలు, 10 లక్షలు పెట్టి కూడా చూడండి, పైనున్న కౌంటీలు పెద్దగా మారకపోతే నిశ్చింతగా ఉండొచ్చు.

జనాభా అంటే ఏ ఏడాది జనాభా అన్నది ఇంకో ప్రశ్న. ఇవాళ 30 ఏళ్లున్న ఆటగాడు హైస్కూల్‌లో ఉన్నది పన్నెండేళ్ల కిందట. మన ఫ్రిస్కో, ప్లేనోలున్న కాలిన్ కౌంటీ జనాభా 2010లో 7,82,341. 2020కి అది 10,64,465. పదేళ్లలో మూడో వంతుకి మించి పెరిగింది, ఆ పెరుగుదలలో మనవాళ్ల వాటా తక్కువేం కాదు. 2020 జనాభాతో భాగిస్తే కాలిన్ లాంటి కౌంటీలకి అన్యాయం జరుగుతుంది. 2010, 2020 సగటు తీసుకుంటే కొంత న్యాయం. ఇంకా పట్టుదలగా చేయాలనుకుంటే అమెరికన్ కమ్యూనిటీ సర్వే బి01001 పట్టికలో వయసులవారీగా మగవాళ్ల సంఖ్య దొరుకుతుంది, 15 నుంచి 24 ఏళ్లవాళ్లని మాత్రమే తీసుకోవచ్చు.

9. మ్యాప్ గీయడం

క్యూజిస్‌లో 1:2,00,00,000 స్కేలు కౌంటీ ఫైలు తెరవండి. ప్యూర్టో రికో (కోడ్ 72తో మొదలయ్యేవి) వద్దనుకుంటే వడపోయండి. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఈపీఎస్‌జీ 5070 పెట్టండి. వెబ్ మ్యాపుల మామూలు ప్రొజెక్షన్‌లో ఉత్తరాది రాష్ట్రాలు ఉబ్బిపోతాయి, దక్షిణాది చిన్నబోతుంది. ఫుట్‌బాల్ బలమంతా దక్షిణాదిలో ఉన్నప్పుడు అది పెద్ద నష్టం. అలాస్కా, హవాయిలని ప్రింట్ లేఅవుట్‌లో విడి పెట్టెల్లో పెట్టుకోవాలి. డేటారాపర్‌లో అయితే అది దానంతటదే అయిపోతుంది. తర్వాత లేయర్ ప్రాపర్టీస్‌లో జాయిన్స్‌కి వెళ్లి మీ పట్టికని కౌంటీ కోడ్ మీద కలపండి.

మొత్తం సంఖ్య చూపించడానికి రంగులు వాడకండి, వృత్తాలు వాడండి. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ 52,000 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఎడారి. దానికి ముదురు రంగు వేస్తే ఎడారంతా ఆటగాళ్లే ఉన్నట్టు కనిపిస్తుంది. వృత్తం గీసేటప్పుడు సంఖ్యకి అనుగుణంగా పెరగాల్సింది వైశాల్యం, వ్యాసం కాదు. 40 మంది ఉన్న కౌంటీ వృత్తం 10 మంది ఉన్నదానికి రెండింతల వ్యాసంతో ఉండాలి, నాలుగింతలతో కాదు.

రేటు చూపించడానికి రంగులు సరే. లేత నుంచి ముదురుకి ఒకే రంగు, అయిదు అంచెలు, సున్నా ఉన్నవాటికి విడిగా లేత బూడిద రంగు. క్వాంటైల్ పద్ధతిలో, అంటే ఒక్కో అంచెలో సమానంగా కౌంటీలు పడేలా, సాఫ్ట్‌వేర్ దానంతటదే అంచెలు కట్టేస్తే, సగానికి పైగా సున్నాలు కాబట్టి అర్థంపర్థం లేని హద్దులొస్తాయి. అంచెలు మీరే పెట్టుకోండి. ఎరుపు-ఆకుపచ్చ జోడీ వద్దు, కొందరు మగవాళ్లకి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, మీ పాఠకుల్లో ఎక్కువమంది మగవాళ్లే అయ్యే అవకాశం ఉంది.

10. చూసి ఏం చెప్పవచ్చు

రేటు మ్యాప్‌లో లూసియానా, మిసిసిపీ, అలబామా, జార్జియా, ఫ్లోరిడాల మీదుగా ఒక ముదురు పట్టీ కనిపిస్తుంది, ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు పాలిపోయి ఉంటాయి. ఇది ఊహించిందే.

ఆసక్తికరమైనవి లోపల ఉంటాయి. పామ్ బీచ్ కౌంటీ తీసుకోండి. దాదాపు 15 లక్షల జనాభా. తూర్పున అట్లాంటిక్ ఒడ్డున కోటీశ్వరుల బంగళాలు. పడమట ఓకీచోబీ సరస్సు ఒడ్డున నల్లమట్టి, చెరకు తోటలు, పహోకీ, బెల్ గ్లేడ్ అనే రెండు పేద ఊళ్లు. ఆంక్వాన్ బోల్డిన్ పహోకీ వాడు. శాంటోనియో హోమ్స్, ఫ్రెడ్ టేలర్ బెల్ గ్లేడ్‌లోని గ్లేడ్స్ సెంట్రల్ స్కూల్ వాళ్లు. 2009 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్‌లో) బోల్డిన్ అరిజోనా తరఫున, హోమ్స్ పిట్స్‌బర్గ్ తరఫున ఎదురెదురుగా దిగారు. చివరి నిమిషంలో పాస్ అందుకుని హోమ్స్ ఆ మ్యాచ్‌కి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఈ రెండు ఊళ్ల స్కూళ్ల మధ్య ఏటా జరిగే పోటీని మక్ బౌల్ అంటారు. కౌంటీ మ్యాప్‌లో ఈ ఊళ్లు, ఆ బంగళాలు ఒకే రంగులో కలిసిపోతాయి. ఇలాంటి చోట్ల స్కూళ్ల బిందువుల్ని కూడా పైన వేసి చూపించండి, మీ దగ్గర ఎలాగూ అవి ఉన్నాయి.

ఇంకొకటి కాలం సంగతి. పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ పక్కన బీవర్ కౌంటీ ఉంది, 2020లో 1.68 లక్షల జనాభా. మైక్ డిట్కా, టై లా, డారెల్ రీవిస్ ముగ్గురూ అక్కడి అలిక్విపా హైస్కూల్ వాళ్లే. జో నేమత్ బీవర్ ఫాల్స్, టోనీ డార్సెట్ హోప్‌వెల్. అయిదుగురూ ఈ ఆట మహామహులకిచ్చే గౌరవస్థానం హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఉక్కు కర్మాగారాలు నడిచిన కాలంలో ఆ లోయలో జనం, పని, ఫుట్‌బాల్ మూడూ పుష్కలం. ఇప్పటి రోస్టర్ మ్యాప్ ఒక్కటే చూసినవాళ్లకి ఈ చరిత్ర ఏమాత్రం తెలియదు. వీలైతే పుట్టిన దశాబ్దం అనే కాలమ్ చేర్చి, దశాబ్దానికో చిన్న మ్యాప్ గీసి పక్కపక్కన పెట్టండి.

11. ప్రచురించే ముందు

మ్యాప్ కింద నాలుగు వాక్యాలు తప్పక రాయండి: రోస్టర్ ఏ తేదీది, కౌంటీని దేన్ని బట్టి తీసుకున్నారు, జనాభా ఏ ఏడాదిది, విదేశాలవాళ్లు, తేలనివాళ్లు ఎంతమంది. రేటుని సరిదిద్ది ఉంటే ఎలా సరిదిద్దారో కూడా. సమాచారం ఇచ్చిన సైట్ల పేర్లు వేయడం ఎలాగూ ఉంది.

పట్టికని కూడా బయట పెడితే మంచిది, తప్పులు జనమే పట్టిస్తారు. అయితే అందులో స్కూల్ దాకా మాత్రమే ఉంచండి. ఆటగాళ్ల తల్లిదండ్రుల ఇళ్ల చిరునామాలు వెతికి మరీ బిందువులు పెట్టినవాళ్లున్నారు. ఆ పని చేయకండి, మ్యాప్‌కి దాని అవసరమూ లేదు.

వచ్చే సెప్టెంబర్‌లో కొత్త రోస్టర్ రాగానే గుర్తింపు కోడ్‌తో పాత పట్టికకి కలపండి. చాలామంది పాతవాళ్లే ఉంటారు కాబట్టి కొత్తగా చేరినవాళ్ల స్కూళ్లు మాత్రం వెతుక్కుంటే సరిపోతుంది.